బీగం తిరగని పికప్పు, బటన్ పెట్టేద్దామన్న వైరింగాయన

బండి బాగోగులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు ముందరేసుకుని చూస్తే సగానికి సగం ఒకటే గోల, తాళం తిరగట్లేదు, తిరిగితే రావట్లేదు, వస్తే రాకూడనప్పుడు వస్తోంది అని. మామిడికాయల సీజన్లో ప్రతేడూ ఇంతే. జ్యూస్ ఫ్యాక్టరీ గేటు కాడ తోతాపురి లోడుతో నిలబడినోళ్లకి తెలుసు, ముందర బండి నాలుగడుగులు కదిలితే మనమూ స్టార్ట్ చెయ్యాల, కదలాల, ఆపాల, మళ్ళీ నాలుగడుగులు. మామూలు రోజుల్లో పది సార్లు తిరిగే తాళం క్యూలో పడితే వంద సార్లు తిరుగుతుంది, పైగా ఎర్రమన్ను దుమ్ము. అందుకే మైలేజీ ప్రశ్నలు, టైర్ల ప్రశ్నలు పంపినోళ్లు ఏమనుకోవద్దు, ఈసారి మొత్తం బీగాల మీదే.

ప్రశ్న: అన్నా నమస్తే. మాది బంగారుపాళ్యం పక్కన పల్లె. 2007 మోడల్ పికప్పు, మా నాయన కొన్నది, ఇప్పుడు నేను తోల్తా ఉండా. నెల నుంచి తాళం సరిగ్గా తిరగడం లేదు. పెట్టి అటూ ఇటూ ఆడించి ఆడించి ఒక్కోసారి పది నిమిషాలకి తిరుగుతుంది. మొన్న క్యూలో ముందు బండ్లన్నీ కదిలిపోయినాయి, నాది ఆడనే నిలబడింది, ఎనకాలోళ్ళ తిట్లు చెప్పకూడదు. వైరింగాయన ఇదంతా పీకేసి స్టార్ట్ బటన్ పెట్టేస్తా అరగంట పని అంటాడు. ఇంకొకాయన సెట్టంతా మార్చాల్సిందే అంటాడు. తాళం పెట్టే బ్యారెల్ ఒక్కటే మార్చుకోవచ్చా? నేనే చేసుకోవచ్చా? స్పానర్ పట్టడం వచ్చు నాకు.

జవాబు: తమ్ముడూ, స్పానర్ పట్టడం వస్తే చేసుకోవచ్చు, చాలా బండ్లలో గంటా గంటన్నర పనే. కానీ మార్చే ముందు మార్చాల్సింది అదేనా అని చూడు. తాళం తిరగట్లేదు అన్న ఒక్క మాట కింద మూడు జబ్బులుంటాయి: కీ అరిగిపోయుండచ్చు, బ్యారెల్ లోపల అరిగిపోయుండచ్చు, రెండూ బాగుండి స్టీరింగ్ లాకు బిగుసుకుని ఉండచ్చు. ఈ మూడోదానికి పైసా ఖర్చు లేదు, కానీ దానికే ఎక్కువమంది బ్యారెళ్లు మార్పించేస్తుంటారు.

మార్పించినోళ్ల సంగతెందుకు, నేను చేసిన వెధవపని చెప్తా. షెడ్డు పెట్టిన కొత్తలో తిరుచానూరు రోడ్డులో ఒక కూరగాయల పికప్పు ఆగిపోయింది, తాళం ఇంచి కూడా తిరగట్లేదు. ఓనరు టెన్షన్లో ఉన్నాడు, నేను నా పనితనం చూపించే తొందరలో ఉన్నా. డ్రిల్లు పెట్టి బ్యారెల్ తినేశా, మూడు గంటలు, వెనక టమాటాలు ఎండకి ఉడుకుతున్నాయి. అంతా అయ్యాక చూస్తే స్టీరింగ్ ఇంకా కదల్దు. టీ తాగొచ్చిన డ్రైవరు ముందు టైరు వైపు ఒక చూపు చూసి, అది రోడ్డు పక్క సిమెంటు గట్టుకి ఒత్తుకుని ఉంది, స్టీరింగ్‌ని రెండు చేతులా పట్టి గట్టు వైపుకి ఇంకొంచెం లాగాడు, టక్ అంది. అంతే. బాగున్న బ్యారెల్‌ని నా చేతుల్తో నేనే చంపేశా. ఆరోజు డబ్బులు తీసుకోలేదు, కొత్త సెట్టు కూడా నా జేబులోంచే.

ఎందుకట్టా అయిందంటే, తాళం తీసి స్టీరింగ్ తిప్పితే లోపల్నించి ఒక ఇనుప గడియ లాంటి పిన్ను వచ్చి స్టీరింగ్ రాడ్డుకున్న గాడిలో పడుతుంది. టైరు ఏ రాయికో గట్టుకో ఒరుసుకుని ఉంటే ఆ బరువంతా పిన్ను మీద పడుతుంది, నువ్వు తాళంతో దాన్ని వెనక్కి లాగాలంటే రాదు. బలవంతంగా తిప్పితే కీ విరుగుతుంది. అందుకని ఒక చేత్తో తాళం మెత్తగా తిప్పతా ఇంకో చేత్తో స్టీరింగ్‌ని ఎటు కొంచెం వదులిస్తే అటు లాగు. తిరిగిపోయిందా, నీ బ్యారెల్ బాగుంది, ఇంటికి పో.

అప్పటికీ తిరక్కపోతే రెండో పరీక్ష, డూప్లికేట్ కీ. నాయన కొన్నప్పుడు రెండు ఇచ్చుంటారు, ఒకటి ఇంట్లో బీరువాలోనో దేవుడి గూట్లోనో పదిహేనేళ్లుగా పడుంటుంది, దాన్ని తెచ్చి పెట్టు. దాంతో హాయిగా తిరిగితే నీది కీ జబ్బు. రెండూ పక్కపక్కన పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూడు, వాడిన కీ పళ్లు సముద్రం ఒడ్డున రాళ్లలాగా గుండ్రంగా అయిపోయుంటాయి. ఇక్కడో సంగతి, డూప్లికేట్ చేయించాలంటే ఆ వాడని కీ ఇచ్చి చేయించు. అరిగిన కీ ఇస్తే బస్టాండు కాడ చెట్టుకింద కూర్చున్నాయన ఆ అరుగుడుని కూడా చక్కగా కాపీ కొట్టి ఇస్తాడు, కొత్త కీ పాత జబ్బుతోనే పుడుతుంది. అసలు కీతో ఇచ్చిన చిన్న రేకు బిళ్ళ మీద నెంబరుంటే అదింకా మేలు, నెంబరుని బట్టి కొత్తదానిలా కోయించుకోవచ్చు.

రెండో కీతో కూడా అదే మొండితనం అయితే అప్పుడు బ్యారెల్ మీద అనుమానపడు. లోపల ఏముంటుందంటే వరసగా చిన్న చిన్న ఇత్తడి రేకులు, ఒక్కోదానికి మధ్యలో బెజ్జం, పక్కన వెంట్రుకంత స్ప్రింగు. కీ లోపలికి పోతే దాని పళ్లు ఒక్కో రేకునీ ఒక్కో ఎత్తుకి లేపుతాయి, అన్నీ సరిగ్గా అంచుతో సమానంగా సర్దుకుంటేనే బ్యారెల్ తిరుగుతుంది, ఒక్కటి గోరంత బయటకి పొడుచుకుని ఉన్నా తిరగదు. నువ్వు ఆడిస్తే తిరగడం అంటే ఆ ఆడించడంలో పొరపాటున అన్నీ ఒకసారి సర్దుకుంటున్నాయన్నమాట. ఇది మందులకి తగ్గే జబ్బు కాదు.

ఇంక మార్చడం. స్టీరింగ్ నేరుగా పెట్టుకో, బ్యాటరీ మైనస్ వైరు తీసెయ్, పది నెంబరు స్పానర్ చాలు. తీయకుండా చేసినోళ్లు చాలామంది ఉన్నారు, ఇగ్నిషన్ వైరుకి ఎప్పుడూ కరెంటు ఉంటుంది, స్పానర్ తగిలి మెరుపొస్తే అప్పుడు గుర్తొస్తుంది. స్టీరింగ్ కింద ప్లాస్టిక్ షెల్‌కి నాలుగైదు స్టార్ స్క్రూలుంటాయి, విప్పి టిఫిన్ బాక్సు మూతలో వేసుకో, బండి ఫ్లోర్ మీద పెడితే ఒకటి కచ్చితంగా మ్యాట్ కిందకి పోతుంది. షెల్ ఊడితే లాకు బాడీ కనబడుతుంది, ముందువైపు కీ పెట్టే బ్యారెల్, వెనకవైపు వైర్లు కప్లర్‌తో, అంటే ప్లగ్గు లాంటిదాంతో, వచ్చి తగులుకునే స్విచ్చి. ఈ రెండూ వేరు వేరు వస్తువులని గుర్తుపెట్టుకో, కింద ఇంకో ప్రశ్నలో మళ్ళీ వస్తుంది.

బాడీ మీద కింద వైపో పక్కనో సన్నటి బెజ్జం కోసం వెతుకు. బ్యారెల్‌ని పట్టి ఉంచే పిన్ను ఆ బెజ్జంలో ఉంటుంది. బండిని బట్టి తాళాన్ని ఏసీసీలోనో (లాకుకీ ఆన్‌కీ మధ్య పొజిషన్) ఆన్‌లోనో పెడితేనే ఆ పిన్ను బెజ్జానికి ఎదురుగా వస్తుంది, లాకులో ఉంటే నువ్వు ఎంత పొడిచినా దొరకదు. సైకిల్ పుల్ల ముక్క ఒకటి అరగదీసి పెట్టుకున్నా నేను, దాంతో పిన్ను లోపలికి నొక్కి పట్టి కీతోనే బ్యారెల్‌ని నీ వైపుకి లాగు, జారుకుంటూ వచ్చేస్తుంది. కింద ఒడిలో తువ్వాలు పరుచుకో, పాతది కాబట్టి రేకులో స్ప్రింగో ఎగిరిపడొచ్చు. వచ్చేటప్పుడు కీ బయటకి లాగొద్దు, లాగితే ఆ రేకులు అన్ని వైపులా లేచి నిలబడతాయి, ఇరుక్కుపోతుంది.

కొత్త బ్యారెల్‌ని పాతదాని పక్కన అరచేతిలో పెట్టి చూడు, పొడుగు, వెనక తోక ఆకారం, పిన్ను ఉన్న చోటు. ఈ మూడింటిలో ఏది తేడా ఉన్నా షాపుకి తిరిగిచ్చెయ్, అరగదీసి పట్టించే పని పెట్టుకోవద్దు. సరిపోతే కొత్త కీ పెట్టి పాతది ఏ పొజిషన్లో వచ్చిందో అదే పొజిషన్లో తిప్పి తోసెయ్, పిన్ను తన గాడిలో పడ్డప్పుడు క్లిక్ మని చేతికి తెలుస్తుంది. షెల్ మాత్రం ఇప్పుడే బిగించొద్దు. బ్యాటరీ కలిపి అన్ని పొజిషన్లూ చూడు, సెల్ఫ్ కొట్టి వదిలితే తాళం దానంతటది ఆన్‌కి వెనక్కి రావాల, కీ తీశాక స్టీరింగ్ తిప్పితే లాకు పడాల, మళ్ళీ కీ పెడితే లాకు వదలాల. ఓ పది సార్లు చేసి చూసుకుని అప్పుడు మూసెయ్.

ఇప్పుడు చిక్కులు. కొన్ని పాత బండ్లలో బ్యారెల్ విడిగా రాదు, బెజ్జమే ఉండదు, బాడీతో సహా సెట్టంతా మార్చాల్సిందే, ఆ రెండో ఆయన చెప్పింది అదే అయితే ఆయన మాట తప్పు కాదు. సెట్టు మార్చేటప్పుడు స్టీరింగ్ కాలమ్ పైపుకి బిగించే బోల్టులకి తల ఉండదు, నువ్వు భయపడతావ్ ఎవడో విరగ్గొట్టేశాడని. కాదు, అవి అట్టానే చేస్తారు, బిగించే కొద్దీ ఒక చోట టప్‌మని తల ఊడిపోవాలని, దొంగోడు స్పానర్ పెట్టి విప్పకుండా. వాటిని తీయాలంటే ఉలితో పక్కన చిన్న గాడి పెట్టి ఎడమవైపుకి తట్టుకుంటూ పోవాల, ఓపిక పని. కొత్త సెట్టుతో వచ్చిన అట్టాంటి బోల్టులే మళ్ళీ వేసి తల ఊడేదాకా బిగించు, మామూలు బోల్టు వేసి వదిలేయడం మన షెడ్లల్లో ఎక్కువే జరుగుతుంది, అదింక తాళమే కాదు.

తాళం అసలుకే తిరక్కపోతే పిన్ను దొరకదు కాబట్టి బ్యారెల్ రాదు. అప్పుడు తాళాలు చేసేవాణ్ణి బండి కాడికి పిలిపించు, రేకుల్ని ఒక్కోటీ సర్ది తిప్పేవాళ్ళున్నారు. డ్రిల్లు ఆఖరి మాట. వేశావంటే ఇత్తడి పొడి వెనక స్విచ్చిలో పడుతుంది, అయస్కాంతం పెట్టి తీద్దామంటే ఇత్తడి దానికి అంటుకోదు, గాలి కొట్టి ఊదాల్సిందే.

బటన్ సంగతి. తాళం తిప్పితే ఇంజన్ స్టార్ట్ అవ్వడం అనేది 1949లో అమెరికాలో క్రైస్లర్ కార్లతో వచ్చింది, అంతకుముందు తాళం వేరు, స్టార్టర్ బటన్ వేరు. అంటే మీ వైరింగాయన నిన్ను 1949కి వెనక్కి తీసుకుపోతానంటున్నాడు, అదీ అరగంటలో. ఆయన పెట్టేది బజారులో దొరికే హారన్ బటన్, సెల్ఫ్ మోటరుకి కరెంటు కలిపే సోలనాయిడ్ తీసుకునే కరెంటుని అది తట్టుకోలేదు, మధ్యలో ఆ బరువు మోసే రిలే అనే స్విచ్చి లేకపోతే కొన్నాళ్లకి లోపల కాంటాక్టులు కాలి అతుక్కుపోతాయి, వేలు తీసినా సెల్ఫ్ తిరుగుతానే ఉంటుంది. వైరుకి ఫ్యూజ్ వెయ్యరు. స్టీరింగ్ లాకుని అట్టానే ఉంచేస్తే ఎప్పుడు పడుతుందో తెలీదు, పీకేస్తే బండి ఎవడైనా తోలుకుపోవచ్చు. వద్దు.

ప్రశ్న: సార్, మాది భాకరాపేట. నా పాత పికప్పులో బండి రన్నింగులో ఉండగానే తాళం చేతికొచ్చేస్తుంది, ఇంజన్ మాత్రం ఆగదు. నాకైతే బాగానే ఉంది, బండి ఆన్‌లో పెట్టి తాళం జేబులో వేసుకుని దిగి అన్‌లోడ్ చేయిస్తా. దీనివల్ల నష్టం ఏమైనా ఉందా అని మా బామ్మర్ది అడగమన్నాడు.

జవాబు: మీ బామ్మర్ది తెలివైనోడు. కీ ఆన్‌లో బయటకి వచ్చిందంటే లోపల రేకులు కీని పట్టుకునే స్థితిలో లేవని. మంచి బ్యారెల్లో లాకు పొజిషన్‌కి వస్తేనే కీ వస్తుంది, ఆ కట్టడి పెట్టిందే మీ ప్రాణం కోసం. చాలా బండ్లలో కీ బయటకొస్తేనే స్టీరింగ్ లాకు పిన్ను గాడిలో పడుతుంది. మీది అంత అరిగింది కాబట్టి ఎక్కడ ఏం జరుగుతుందో చెప్పలేం, గుంతలో దడేల్మన్నప్పుడు కీ జారి కింద పడటం, దాన్ని మళ్ళీ పెట్టబోయి పొరపాటున వెనక్కి తిప్పడం, ఇంజన్ ఆగడం. మీ ఊరి ఘాట్‌లో మలుపు మధ్యలో లోడుతో ఇంజన్ ఆగితే బ్రేకుకి వ్యాక్యూమ్ సాయం పోతుంది, పవర్ స్టీరింగ్ ఉంటే అదీ బరువెక్కుతుంది. ఇంకా ఖర్మ కాలి లాకు కూడా పడితే స్టీరింగే తిరగదు. ఎదురుగా బస్సొస్తా ఉంటే ఏం చేస్తారు?

ఇంకోటి, కీ జేబులో ఉంది కదా బండి ఆఫ్ అయ్యుంటుందిలే అని రాత్రి పడుకుంటారు, అది ఆన్‌లోనే ఉండిపోతుంది, పొద్దున్నకి బ్యాటరీ చచ్చిపోతుంది, బ్యాటరీ షాపోడిని తిట్టుకుంటారు. మార్పించేదాకా ఘాట్ ఎక్కొద్దు, లోడు అద్దెకి వేరే బండిలో వేసుకోండి. ఇది కీ మార్చినా తగ్గొచ్చు, ముందు వాడని డూప్లికేట్‌తో చూడండి, అది ఆన్‌లో రాకుండా గట్టిగా ఉంటే సంతోషం, వస్తే బ్యారెల్.

ప్రశ్న: అన్నా, నేను పాకాల వైపు పాలవ్యాను నడుపుతా, మా ఆయన చనిపోయాక నేనే చూసుకుంటా ఉండా. పొద్దున నాలుక్కి బయలుదేరితే ఊరూరికీ ఆపడం, స్టార్ట్ చెయ్యడం. ఈమధ్య స్టార్ట్ అయ్యాక కూడా కర్ర్ మని సౌండు వస్తానే ఉంటుంది, తాళం నేను చేత్తో వెనక్కి తిప్పితేగానీ ఆగదు. సెల్ఫ్ మోటరు పోయిందంటున్నారు, మార్చమంటావా?

జవాబు: అక్కా, ఇప్పుడే మార్చొద్దు, కానీ ఇట్టానే ఇంకో వారం తిప్పితే నిజంగానే మార్చాల్సొస్తుంది. తాళం స్టార్ట్ దాకా తిప్పి వదిలితే లోపల స్ప్రింగు దాన్ని ఆన్‌కి లాగాల. స్ప్రింగు నీరసపడినా, లోపల జిగురు పట్టినా అక్కడే ఆగిపోతుంది, ఇంజన్ స్టార్ట్ అయినా సెల్ఫ్ తిరుగుతానే ఉంటుంది, ఇంజన్ దాన్ని తన వేగంతో లాక్కుపోతుంది. నువ్వు వినే కర్ర్ అదే. మోటరు కాలేది, పళ్లు అరిగేది అప్పుడే. ఈలోపల స్టార్ట్ అవ్వంగానే చేత్తోనే వెనక్కి లాగుతా ఉండు, ఆ మాట డ్రైవింగ్ చేసే ఇంకెవరికైనా కూడా చెప్పు.

ఇక్కడ బ్యారెల్ జబ్బా, వెనక స్విచ్చి జబ్బా అని చూడాల. పైన తమ్ముడికి చెప్పినట్టు షెల్ ఊడదీయించి స్విచ్చిని బ్యారెల్ నుంచి విడదీయిస్తే, దాని మధ్యలో ఉన్న గాడిలో స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే స్విచ్చి ఒక్కటే పనిచేస్తుంది. స్క్రూడ్రైవర్‌తో తిప్పి వదిలినప్పుడు అది గబుక్కున వెనక్కి వస్తే స్విచ్చి మంచిది, బ్యారెల్ బిగుసుగా ఉంది. అది కూడా వెనక్కి రాకపోతే స్విచ్చి మార్చండి, చాలా బండ్లలో విడిగానే దొరుకుతుంది, రెండు చిన్న స్క్రూలు, ఒక కప్లర్, కీ కూడా మార్చుకోనక్కర్లేదు. ఇదంతా ముందు బండి న్యూట్రల్లో ఉందా హ్యాండ్ బ్రేకు వేసుందా చూసుకుని చెయ్యమను, స్క్రూడ్రైవర్ ఇంకొంచెం తిరిగితే బండి ఎగిరి ముందుకి దూకుద్ది, నా కళ్లముందే ఒకడి కాలి మీదకి వచ్చింది.

పాలవ్యాను కాబట్టి ఇంకో మాట. ఊరూరికీ ఆపే పని వల్ల మీ తాళం మామూలోళ్ల తాళం కంటే నాలుగింతలు తిరుగుతుంది. క్యాన్ ఎత్తే రెండు నిమిషాలకి ఇంజన్ ఆపడం వల్ల మిగిలే డీజిల్ కొంచెమే, తాళానికి మాత్రం రోజూ కష్టం. నిలబడే టైము చూసుకుని ఆపండి.

ప్రశ్న: దామలచెరువులో మండీ నాది. తాళం బిగుసుగా ఉందని కొబ్బరినూనె నాలుగు చుక్కలు వేశా, నెల రోజులు సూపరుగా తిరిగింది, ఇప్పుడు మునుపటికన్నా ఘోరం. ఏం వెయ్యాలి?

జవాబు: నూనె వేసిన నెలరోజులు మీ బీగం దుమ్ముతో పచ్చడి కలుపుకుంది. నూనె జిడ్డు, ఎర్రమన్ను, ఇత్తడి అరుగుడు పొడి, మూడూ కలిసి లోపల నల్లటి ముద్ద అయ్యుంటుంది. గ్రీజు కూడా అంతే. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, కీ పెట్టి తీసి పెట్టి తీసి గుడ్డకి తుడవండి, నల్లగా రావడం ఆగేదాకా. ఆరాక గ్రాఫైట్ పొడి వెయ్యండి, దొరక్కపోతే మెత్తటి పెన్సిల్‌తో కీ పళ్లమీద రెండు వైపులా బాగా రుద్ది లోపల పెట్టి తిప్పండి, అదీ గ్రాఫైటే. పొడి పొడిగా ఉంటుంది కాబట్టి దుమ్ము అంటుకోదు.

ఇంతకీ మీ ఉత్తరంతో పాటు పంపిన ఫోటో చూశా. బండి తాళంతో పాటు గోడౌను తాళాలు ఆరు, ఇంటివి మూడు, బీరువాది, ఒక ఇత్తడి వెంకన్న బొమ్మ, ఒక బాటిల్ ఓపెనరు. అంత గుత్తి బ్యారెల్‌కి వేలాడుతూ ప్రతి గుంతలో ఊగుతుంది, ఒక్కో ఊపుకీ రేకుల్ని ఒక పక్కకి ఒరుస్తుంది. మీ కాటా మీదే పెట్టి తూచండి ఒకసారి. ఇది నవ్వులాట అనుకోవద్దు, 2014లో అమెరికా కంపెనీ జనరల్ మోటార్స్ 26 లక్షల చిన్న కార్లని వెనక్కి పిలిచింది, ఇగ్నిషన్ స్విచ్చి ఆన్‌లో గట్టిగా నిలబడక, గుంతకో మోకాలు తగిలో తాళాల గుత్తి బరువుకో ఆఫ్ వైపు జారిపోయి ఇంజన్ ఆగి, ఎయిర్‌బ్యాగులు కూడా విచ్చుకోక 124 మంది పోయారని తర్వాత నష్టపరిహారంలో తేల్చారు. బాగు చేసేదాకా కీ ఒక్కటే పెట్టి నడపండి, గుత్తి తగిలించొద్దు అని కంపెనీయే ఓనర్లకి చెప్పింది. అక్కడ తప్పు స్విచ్చి తయారీలో ఉంది, మీ బండిలో ఆ లోపం ఉందని కాదు నేననేది, కానీ బరువు పని బరువు చేస్తుంది. వెంకన్నని డ్యాష్‌బోర్డ్ మీద కూర్చోబెట్టండి సామీ.

ప్రశ్న: బ్యారెల్ మార్పించా, పని అయింది. ఇప్పుడు స్టార్ట్ చెయ్యడానికి ఒక కీ, డోరుకి, డీజిల్ ట్యాంకు మూతకి పాత కీ. చీకట్లో ఎప్పుడూ తప్పు కీ పెడతా. అన్నిటికీ ఒకటే చెయ్యొచ్చా? పాత కీలు పారేయొచ్చా? (చిత్తూరు)

జవాబు: చెయ్యొచ్చు, రెండు దార్లు. సెట్టు అని అడిగితే ఇగ్నిషను, డోర్లు, ట్యాంకు మూత అన్నీ ఒకే కీతో వచ్చేవి దొరుకుతాయి, ఖర్చెక్కువ. రెండోది, మంచి తాళాలాయన ఉంటే కొత్త బ్యారెల్లో రేకులు తీసి, మీ పాత కీ పళ్లకి సరిపోయేటట్టు వేరే ఎత్తు రేకులు వేసి సర్దుతాడు, అప్పుడు పాత కీయే అన్నిటికీ పనిచేస్తుంది. పాత కీ అరిగిపోయుంటే దానికి సర్దించొద్దు, మళ్ళీ మొదటికే.

పారేయడం మాత్రం వద్దు. బండి దొంగతనం అయి ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కి పోతే కంపెనీవాళ్ళు బండితో వచ్చిన కీలన్నీ తెమ్మంటారు, ఒకటే ఇస్తే రెండోది ఏమైంది అని వంద ప్రశ్నలు. కాబట్టి పాత కీలు రెండూ, కొత్త బ్యారెల్ బిల్లు, దాంతో వచ్చిన కీలు, నెంబరు బిళ్ళ, అన్నీ ఒక కవర్లో వేసి ఆర్సీ జిరాక్సుతో పాటు ఇంట్లో పెట్టండి. బండిలో కాదు. ఈ మాట ఎందుకంటున్నానంటే డూప్లికేట్ కీ బండి గ్లవ్ బాక్సులోనే దాచుకునేవాళ్ళని ముగ్గుర్ని చూశా ఈ ఏడాదే.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని, తిరుపతి బైరాగిపట్టెడ. మా అబ్బాయి టెక్సాస్‌లో 1995 నాటి పాత పికప్పు మోజుపడి కొన్నాడు. తాళం తిరగదట, అక్కడ మెకానిక్ చెప్పిన రేటు వింటే నాకే గుండె ఆగింది. వాడే చేసుకుంటానంటున్నాడు. ఇక్కడి పద్ధతే అక్కడా పనికొస్తుందా మాస్టారూ?

జవాబు: అమ్మా, మీరు నన్ను మాస్టారు అంటే ఎట్టా, నేను పదో తరగతి రెండుసార్లు రాసినోణ్ణి. పద్ధతి అదే, పిన్ను నొక్కి లాగడమే, అక్కడి పాత పికప్పులు చాలావాటిలో బ్యారెల్ విడిగా సులువుగానే వస్తుంది, పార్టుల షాపుల్లో కీతో సహా దొరుకుతుంది. కానీ మనకి లేని రెండు సంగతులు వాడికి చెప్పండి.

ఒకటి, అక్కడివి ఆటోమేటిక్ గేరువి ఎక్కువ, గేరు పార్క్‌లో పూర్తిగా పడకపోతే తాళం లాకు దాకా తిరగదు, కీ బయటకి రాదు. పార్క్‌లో ఉందనిపించినా ఒక పిసరు బయట ఉండొచ్చు, లివర్‌ని గట్టిగా పార్క్‌లోకి తోసి చూడమనండి. రెండు, ఆ నాటి బండ్లలో స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ మొదలైంది. ఉంటే బ్యాటరీ తీసిన వెంటనే కాలమ్ మీద చెయ్యి వెయ్యకూడదు, దాంట్లో కొంచెంసేపు కరెంటు నిలవుంటుంది, బండి మాన్యువల్‌లో ఎంతసేపు ఆగాలో రాసుంటుంది, అంతసేపూ ఆగి, కాఫీ తాగి, అప్పుడు మొదలుపెట్టమనండి. ఎయిర్‌బ్యాగ్ కప్లర్లకి టెస్టర్ బల్బు అసలు పెట్టొద్దని చెప్పండి. కీ తలలో చిప్పు ఉన్న బండి అయితే బ్యారెల్ మార్చాక ఆ చిప్పు సంగతి వేరేగా చూసుకోవాలి, లేకపోతే తాళం తిరుగుతుంది, సెల్ఫ్ కొడుతుంది, ఇంజన్ మాత్రం నిలబడదు.

అయినా రేటు కట్టే ముందు వాణ్ణి ఒక్కసారి బయటికెళ్ళి ముందు టైరు ఎక్కడ ఒత్తుకుందో చూసి, స్టీరింగ్ పట్టి మెత్తగా లాగుతూ తాళం తిప్పమనండి. ఫోన్ స్పీకర్లో పెట్టమనండి, టక్ మంటే మీకూ వినబడుతుంది.